కీసరగుట్ట ‘తులచువాన్ఱు’: ఒక పదశాసన వివేచన

బండమీద అర్థం తెలియని అక్షరాలు కనిపిస్తే వాటిని నిధి జాడ తెలిపే పొడుపుకథగా భావించడం తెలుగు పల్లెల్లో పాత అలవాటు. శామీర్‌పేటకు పొరుగు మండలమైన కీసరలో, నేటి మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో, అటువంటి పొడుపు ఒకటి గుండుపై చెక్కి ఉంది. అది ఒకే పదం. రాజు పేరు లేదు, తేదీ లేదు, దానప్రసక్తి లేదు. పండితులు సాధారణంగా ‘తులచువాన్ఱు’ అని చదివే ఈ పదాన్ని లిపినిబట్టి క్రీ.శ. 4–5 శతాబ్దాలకు చెందినదిగా నిర్ణయించారు. గుట్టపై జరిగిన తవ్వకాలలో విష్ణుకుండినుల కాలపు ఇటుక నిర్మాణాలు, నాణేలు బయటపడ్డాయి.

ఈ పదాన్ని ‘తొలుచువాండ్రు’, అనగా రాళ్లు తొలిచే పనివారు అని అన్వయించడం పరిపాటి. ధాతువు విషయంలో సందేహానికి తావు తక్కువ. తొలి అక్షరంలోని ఉకారాన్ని లేఖకదోషంగా భావించనక్కరలేదు. తమిళంలో రంధ్రవాచకమైన ‘తుళై’లోనూ ఉకారమే ఉంది. పర అక్షరంలో అకారం ఉన్నప్పుడు ఉకార ఒకారాలు మారడం ద్రావిడభాషల్లో తెలిసిన విషయమే.

చిక్కు ప్రత్యయంలో ఉంది. ప్రాచీన శాసనభాషలో ‘న్ఱు’ పుంలింగ ఏకవచన రూపం. మూన్ఱు > మూణ్డు > మూఁడు అయినట్లే వాన్ఱు > వాణ్డు > వాఁడు అయింది. దీనికి సహజమైన బహువచనం ‘వారు’. కావ్యభాషలోని ‘వాండ్రు’ ఆధారంగా ఈ పదాన్ని బహువచనంగా గ్రహిస్తే, తరువాతి రూపాన్ని ముందుకాలానికి ఆరోపించినట్లవుతుంది. కాబట్టి చివరి సంయుక్తాక్షరంలో ఉన్నది ఱకారమే అయితే, ‘తొలిచేవాడు’ అనే ఏకవచనార్థమే వ్యాకరణానికి దగ్గర. అది రేఫమైతే బహువచన వాదానికి బలం చేకూరుతుంది. శిల్పుల సమూహమా, ఒక్క శిల్పియా అన్నది ఒక్క అక్షరంపై ఆధారపడి ఉంది.

ఏ అర్థం గ్రహించినా ఒక విషయం మారదు. అమరావతిలో దొరికిన ‘నాగబు’ కేవలం నామపదం. ఇక్కడ క్రియాధాతువు, దానిపై విశేషణ రూపం, ఆపై సర్వనామం చేరి సంపూర్ణమైన కృదంతనామం ఏర్పడింది. తెలుగు పదనిర్మాణం అప్పటికే స్థిరపడిందనడానికి ఇది సాక్ష్యం. హైదరాబాదు చైతన్యపురిలోని గోవిందరాజవిహార శాసనం ప్రాకృతంలో ఉంది. విష్ణుకుండినుల తామ్రశాసనాలు ప్రధానంగా సంస్కృతంలో వెలువడ్డాయి. చిక్కుళ్ల శాసనంలో మాత్రం ‘సంవత్సరంబుళ్’ అనే తెలుగు రూపం చోటు చేసుకుంది. రాజశాసనాల్లో ఒక మాటగా తొంగిచూసిన భాష కీసర బండమీద వృత్తివాచకంగా నిలిచింది. ఆ వృత్తి ఉలి పట్టినవారిది. అక్కడ తెలుగును చెక్కించింది రాజాజ్ఞ అని చెప్పే ఆధారమేదీ ఆ పదంలో లేదు.

ఱకార రేఫల నిర్ణయం జరగవలసింది శిలపైనే. ఛాయాచిత్రాలు, ప్రతిలిపులు దానికి సహాయకాలు మాత్రమే. శివరాత్రి జాతరకు వేలాది భక్తులు చేరే గుట్టపై ఆ గుండు చెదిరినా, దానిపై రంగు పడినా పోయేది ఒక రాయి మాత్రమే కాదు, ఈ ప్రశ్నకు సమాధానం కూడా. నిధి కోసం వెదికేవారికి ఆ గుండు కింద ఏమీ దొరకకపోవచ్చు. భాషాచరిత్రకారుడికి నిధి ఆ అక్షరమే.