ఎడారి నగరానికి శరత్తు తెచ్చే చుక్క

దుబాయ్‌లో కాలాలు రెండేనని, ఒకటి ఎండాకాలం, రెండోది కాస్త తక్కువ ఎండాకాలమని వెళ్లొచ్చినవాళ్లు ఛలోక్తిగా అంటుంటారు. శరత్తంటే ఆకులు రంగు మారి రాలాలి, ఖర్జూర చెట్టు ఆకు రాల్చదు, కనుక ఎడారికి శరత్తు లేదన్నది ఆ మాట వెనకున్న లెక్క. ఈ కొలబద్ద చలిదేశాలది. మన ఆరు రుతువుల్లో ఆకు రాలేది శిశిరంలో. శరత్తుకు మనం చెప్పుకునే గుర్తులు తేరుకున్న నీళ్లు, మబ్బు విడిచిన ఆకాశం, తెల్లటి వెన్నెల. నీటినీ ఆకాశాన్నీ చూసి రుతువును పట్టుకునే ఈ పద్ధతిలో గల్ఫ్ తీరాన్ని చూస్తే అక్కడ శరత్తు ఉంది. పైగా ఆ తీరవాసుల పాత ఏడాది మొదలయ్యేదే దానితో.

ఆ లెక్కకు మొదలు సుహైల్ నక్షత్రం. రాత్రి ఆకాశంలో సిరియస్ తర్వాత ఇంత వెలుగున్న చుక్క ఇదొక్కటే. నడి వేసవిలో కనబడకుండా పోయి, ఆగస్టు చివర, రివాజు ప్రకారం 24న, తెల్లవారకముందు దక్షిణ ఆగ్నేయాన నేలకు ఆనుకున్నట్టుగా మళ్లీ పొడుస్తుంది. దుబాయ్‌లో ఎంత పైకెక్కినా సుమారు 12 డిగ్రీల ఎత్తు దాటదు. దుమ్మూ తేమా నిండిన గాలి పొరల్లోంచి చూడాలి కాబట్టి ఒక క్షణం ఎర్రగా, మరుక్షణం పచ్చగా వణుకుతూ ఉంటుంది. చేతిలో హిజ్రీ పంచాంగం ఉండగా ఈ చుక్క కోసం తెల్లవారుజామున కాచుకోవడమెందుకు? హిజ్రీ ఏడాదికి 354 రోజులే, అప్పుడప్పుడు 355. ఏటా పదకొండు రోజులు వెనక్కి జరుగుతుంది గనుక రంజాన్ ఒకప్పుడు మండుటెండలో, మరొకప్పుడు చలిలో వస్తుంది. పండగకు చాలే ఆ లెక్క పడవకూ పంటకూ చాలదు. మన రైతు తిథి చూసి పండగ చేసుకుని, కార్తె చూసి విత్తు వేసినట్టే, గల్ఫ్ జనం ‘దురూర్’ అనే రెండో లెక్క పెట్టుకున్నారు. సుహైల్ కనబడిన నాటి నుంచి పదేసి రోజుల చొప్పున ఏడాదిని కొలుస్తారు. మూడు నూర్లు, తీవ్రమైన ఎండకు ఒక అరవై, చివర మిగిలే ఐదు రోజులు. మొదటి నూరు శరత్తుది.

అంత శ్రద్ధకు కారణం బతుకుతెరువు. ముత్యాల వేట ప్రధాన రుతువు సుమారుగా జూన్ నుంచి సెప్టెంబరు దాకా సాగేది. ఒంటికి నూలుబట్ట, ముక్కుకు పట్టు, కాలికి రాయి మాత్రమే ఉన్న మనిషి రోజంతా మునకలు వేయాలంటే సముద్రం వెచ్చగా ఉండాలి. నీళ్లు చల్లబడడం మొదలైతే వేట ముగిసినట్టే. పడవలు ఇంటిదారి పట్టేవి. నాఖుదా, అంటే పడవ నాయకుడు, దగ్గర మునకగాళ్లు తీసుకున్న అప్పుల లెక్కలు తేలేవి. ఆ ముత్యాలే బొంబాయి మీదుగా హైదరాబాదుకు చేరి ‘బస్రా ముత్యాలు’గా పేరుపడ్డాయి. నైరుతి పవనాల ఉధృతికి మూతపడ్డ భారత పడమటి రేవుల దారి తెరుచుకునేదీ ఈ రోజుల్లోనే. 15వ శతాబ్దపు నావికుడు అహ్మద్ ఇబ్న్ మాజిద్ పుట్టిన జుల్ఫార్ ఇప్పటి రస్ అల్ ఖైమా దగ్గరే. ఆ కాలపు అరబ్బు నావికుల దిక్కుల చక్రంలో ఈ చుక్క ఉదయాస్తమయాలు రెండు దిక్కుల పేర్లు.

ఈ చుక్కతో శరత్తు మొదలవుతుందనడానికి గట్టి ఆక్షేపణే ఉంది. సుహైల్ పొడిచిన వారంలో కూడా దుబాయ్ పగలు 40 డిగ్రీలు దాటుతుంది, ఉక్కపోత ప్రాణం తీస్తుంది. పైగా చుక్క కనబడే తేదీ అందరికీ ఒకటి కాదు. ఒమన్ దక్షిణాన ముందుగా, కువైట్‌లో సెప్టెంబరు వచ్చాక కనబడుతుంది. అలాంటప్పుడు 24వ తేదీ ఒట్టి ఆచారమే కదా? తేదీ వరకు ఆచారమే. కానీ సుహైల్ చల్లదనాన్ని తెస్తుందని పాతవాళ్లు అనలేదు, రాత్రి చల్లబడడం మొదలవుతుందన్నారు. పొద్దు కురచబడి రాత్రి పొడవు పెరిగే కొద్దీ ముందు చల్లబడేది తెల్లవారుజామే, మధ్యాహ్నం ఆ తర్వాతెప్పుడో. చుక్క కనబడేదీ ఆ తెల్లవారుజామునే. మనకు ఈ చుక్క అగస్త్యుడు. 6వ శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో అగస్త్యోదయానికి ఒక అధ్యాయమే కేటాయించాడు. ఊరిని బట్టి ఉదయకాలం మారుతుందనీ, అగస్త్యుడు కనబడ్డాక బురదనీరు తేరుతుందనీ చెప్పాడు. మనకు వానలు వెనకబట్టిన గుర్తు, వాళ్లకు వేడి వెనకబట్టిన గుర్తు. రెండు చోట్లా చుక్క కారణం కాదు, సూచన మాత్రమే.

మరో మాట కూడా అనొచ్చు. 1930లకల్లా జపాన్ పెంపుడు ముత్యాలూ ఆర్థిక మాంద్యమూ కలిసి వేటను కూల్చాయి, తర్వాత చమురు వచ్చింది, ఏసీ వచ్చింది, వీధిదీపాల వెలుగులో దిగంతం కనబడడం మానేసింది. ఇక ఈ చుక్క ఎవరికి కావాలి? చుక్క అక్కర్లేకపోవచ్చు గానీ, అది చేసిన పని ఆగలేదు. ఇప్పుడు యుఏఈ ప్రభుత్వమే జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాకా ఆరుబయట ఎండలో పని ఆపిస్తుంది. ముత్యాల పడవలు తిరుగుముఖం పట్టిన నెలలోనే ఆ ఆంక్షా ముగుస్తుంది. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్‌ల నుంచి వెళ్లి అక్కడ ఇనుము కట్టే మనిషికి ఎండ తగ్గిందని చెప్పేది ఆ తేదీ. కానీ అది కూడా ఆచారం లాంటి తేదీయే, మర్నాటి మధ్యాహ్నం నిన్నటిలాగే కాలుతుంది. నిజమైన కబురు గదిలో కుళాయి చెబుతుంది. వేసవిలో మేడమీది ట్యాంకు నీళ్లు మరిగి వస్తాయి కాబట్టి అక్కడివాళ్లు గీజరు ఆపేసి, లోపల నిలవున్న నీళ్లనే చన్నీళ్లుగా వాడుకుంటారు. ఒక తెల్లవారుజామున మామూలు కుళాయి కింద చెయ్యి పెడితే కాలదు. గల్ఫ్ శరత్తు ఇప్పటికీ ముందు నీళ్లలోనే, ఆ వేళకే తెలుస్తుంది.