పొట్టి శంకుధారుల పుట్టుపూర్వోత్తరాలు

మనుబోలు నుంచి తూర్పుగా సముద్రం వైపు పోయేకొద్దీ ఇసుక నేలల్లో సరుగుడు తోపులు కనిపిస్తాయి. నిటారుగా పెరిగిన మాను, సూదులవంటి ఆకులు, కింద రాలిన గరుకైన చిన్న కాయలు. వీటిని చూసి ఇదే మన పైన్ చెట్టు అనుకొనే విద్యార్థులు పెక్కుమంది. తరగతిలో శంకుధారులకు ఉదాహరణగా దీనినే చూపడం కూడా కద్దు. ఇంటి ముందున్న చిన్న తోటలో ఒక పొట్టి శంకుధారిని పెంచదలచినవారు మొదట ఈ పొరపాటును సవరించుకోవాలి. ఒక మొక్క ఏ జాతిదో, ఎక్కడ పుట్టిందో తెలియనిదే దాని పోషణ తెలియదు గదా!

సరుగుడు శంకుధారి కాదు. మనం ఆకులనుకొనేవి నిజానికి కణుపులు గల సన్నని పచ్చని రెమ్మలు. పిల్లలు వీటిని కణుపు వద్ద ఊడదీసి, మళ్లీ అతికించి, ఎక్కడ తెగిందో చెప్పమని ఆడుకొంటారు. ఆ కణుపు చుట్టూ ఉన్న 6 నుంచి 8 వరకు గల చిన్న పళ్లే అసలు ఆకులు. ఈ చెట్టు పూలు పూస్తుంది. దాని విత్తనం అండాశయం లోపల పెరుగుతుంది. కనుక ఇది ఆవృతబీజం. పైన్, సైప్రెస్, తూజా వంటి వాటిలో అండాలు పొలుసుల మీద బయలుగా ఉంటాయి. అవి వివృతబీజాలు.

సరుగుడు మన తీరానికి పాత కాపు కూడా కాదు. 1856 జులై 1న మద్రాసులోని రాయపురం నుంచి వాలాజా రోడ్డు వరకు రైలు నడిచింది. అదే సంవత్సరం హ్యూ క్లెగ్‌హార్న్ మద్రాసు రాజధానిలో అడవుల కన్సర్వేటరుగా నియమితుడైనాడు. ఆనాటి ఇంజన్లకు కట్టెలు కావాలి. 1860 దశకంలో ఈ తీరపు ఇసుకల్లో సరుగుడు తోపులు వేయడానికి ముఖ్య కారణం అదే. వేళ్లలో నివసించే ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని స్థాపించి ఇస్తుంది గనుక, నిస్సారమైన ఇసుకలో కూడా ఆ చెట్టు నిలదొక్కుకొన్నది.

మరి నిజమైన శంకుధారులు ఈ తీరంలో ఎన్నడూ లేవా? ఉండేవి. ఒంగోలు సమీపాన వేమవరం వద్ద లభించే పలక రాళ్లలో పది కోట్ల ఏళ్లకు పైబడిన శంకుధారుల కొమ్మలు, ఆకులు ముద్రలుగా నిలిచి ఉన్నవి. వాటితోపాటు అమ్మొనైట్లనే సముద్ర జీవుల శిలాజాలు కూడా దొరకడాన్నిబట్టి, ఆ కొమ్మలు నేల నుంచి కొట్టుకుపోయి సముద్రపు బురదలో చేరినవని ఊహించవచ్చు. ఈ మొక్కలను 1879లో ఒట్టోకార్ ఫైస్ట్‌మాంటెల్ వర్ణించాడు. భారతదేశపు శంకుధారి శిలాజాలను ఆచార్య బీర్బల్ సాహ్ని తిరిగి పరిశీలించి 1928, 1931 సంవత్సరాలలో గ్రంథస్థం చేశారు. కాలం మారింది, ఖండాలు కదిలాయి, ఆ అడవి అంతరించింది. నేడు దక్షిణ భారతంలో స్వతస్సిద్ధంగా పెరిగే శంకుధారి ఒక్కటే. పశ్చిమ కనుమల్లోని ఆ చెట్టు పేరు నాగీయా వాలిచియానా.

అందుచేత మన తోటలోని శంకుధారి ఎక్కడి నుంచో రావలసినదే. అందులోనూ పొట్టిది ఎలా వచ్చింది? ఇక్కడ రెండు విషయాలను వేరుచేసి చూడాలి. జపానువారి బోన్సాయ్ కత్తిరింపు వల్ల పొట్టిదవుతుంది. పొట్టి శంకుధారి పుట్టుకతోనే పొట్టిది. విత్తనంలోనో, మొగ్గలోనో కలిగిన ఉత్పరివర్తనం దీనికి కారణం. 1904లో ఆల్ఫ్రెడ్ రేడర్, జె. జి. జాక్ అనే ఇద్దరు అమెరికా వృక్షశాస్త్రజ్ఞులు కెనడాలోని లాగన్ వద్ద అటువంటి పొట్టి స్ప్రూస్ మొక్కలను కనుగొన్నారు. నేడు ప్రపంచమంతటా తోటల్లో కనిపించే పొట్టి ఆల్బెర్టా స్ప్రూస్‌కు మూలం అదే. ఇటువంటి మొక్కల విత్తనం నాటితే తల్లి పోలిక నిలుస్తుందన్న నమ్మకం లేదు. కొమ్మలు నాటియే దానిని కాపాడుకోవాలి.

అయితే ఆ స్ప్రూస్ మనకు పనికిరాదు. దానికి చలికాలపు విశ్రాంతి అవసరం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయనే మన దేశంలో దాని కోరిక ఎలా తీరుతుంది? నేనొకసారి నీలగిరి నుంచి పొట్టి సైప్రెస్ ఒకటి తెచ్చి కుండీలో నాటాను. మే నెలలో కొనలు వాడినట్లు కనిపించగా, దాహమనుకొని రోజుకు రెండుసార్లు నీరు పోశాను. పైకి పచ్చగానే ఉన్నది. ఆకులు గోధుమరంగుకు తిరిగిన తరువాత పెకలించి చూస్తే వేళ్లన్నీ ఎప్పుడో కుళ్లిపోయి ఉన్నవి. శంకుధారి ఆకు చాలా మోసకారి. వేరు చచ్చిన వారాలకు గాని రంగు మారదు.

మన తీరానికి తగినది తూర్పు తూజా. చైనా, కొరియాలు దాని జన్మభూమి. అక్కడి ఎండలకు, నీటి ఎద్దడికి అలవాటు పడినది గనుక ఇక్కడ బ్రతుకుతుంది. 1753లో లినేయస్ దీనికి తూజా ఓరియెంటాలిస్ అని పేరు పెట్టాడు. అమెరికా తూజా విత్తనాలకు రెక్కలుంటాయి, దీనికి లేవు. ఇటువంటి భేదాలను బట్టి ఇప్పుడు దీనిని ప్లాటిక్లాడస్ ఓరియెంటాలిస్ అంటున్నారు. దీని ఆకులను పుస్తకాల్లో దాచుకొంటే చదువు వస్తుందని కొన్నిచోట్ల పిల్లల నమ్మకం. ఇందులో ఆరియా నానా అనే రకం కోడిగుడ్డు ఆకారంలో, పసుపు ఛాయతో, మనిషి ఎత్తుకు లోబడి పెరుగుతుంది.

దీని పోషణలో కష్టమేమీ లేదు. ఎర్రమన్ను, ఏటి ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు కలిపి, అడుగున రంధ్రమున్న కుండీలో నింపాలి. ఉదయపు ఎండ తగలాలి. వేసవిలో మధ్యాహ్నం నీడ, ఉప్పుగాలికి గోడ చాటు ఉండాలి. వేలు గుచ్చి చూసి, పైమన్ను అంగుళం మేర ఆరితేనే నీరు పోయాలి. పొడి వేసవిలో ఎర్రనల్లి పట్టకుండా అప్పుడప్పుడు ఆకులను నీటితో కడగాలి. నెల్లూరు సీమలో పెద్ద వానలు అక్టోబరు, నవంబరు నెలల్లో కురుస్తాయి గనుక అప్పుడు కుండీని ఇటుకల మీద నిలపాలి. పచ్చదనం లేని ముదురు కొమ్మ వరకు కత్తిరిస్తే మళ్లీ చిగురించడం అరుదు. గుంపులో ఒక్క కొమ్మ మాత్రం విపరీతంగా సాగితే, అది పూర్వపు పొడవు గుణానికి తిరిగిపోతున్నదని గ్రహించి మొదలంటా తీసివేయాలి.

ఉపాధ్యాయులు ఒక సరుగుడు కాయను, ఒక తూజా శంకువును, వీలైతే శిలాజపు పటాన్ని పక్కపక్కన బల్లపై ఉంచి, విత్తనం ఎక్కడ ఉన్నదో విద్యార్థుల చేత వెతికించాలి. చూడగానే ఒకటిగా తోచేవి రెండు వేరు వంశాలని అప్పుడు వారికి తామే తెలుసుకొన్నట్లవుతుంది. కంటితో చూసి తేల్చుకొన్నది మరపుకు రాదు.