తూము, మడవ, మా ఇంటి రేడియేటరు

పోయిన చలికాలం అమ్మానాయనా బర్మింగ్‌హామ్ వచ్చినప్పుడు వాళ్ళకిచ్చిన వెనక గది వేడెక్కనే లేదు. కింద హాల్లో చొక్కా విప్పాలనిపించేంత వేడి. పైన మా నాయన రెండు దుప్పట్లు కప్పుకుని, మంకీ క్యాపు పెట్టుకుని పడుకున్నాడు. అడిగితే "బానే ఉందిలే అబ్బీ" అంటాడు. నేనేం చేశానంటారా? ఇంజినీర్ని కదా, బాయిలర్ ఉష్ణోగ్రత పెంచా. హాలు ఇంకా కాలింది, గ్యాసు బిల్లు పెరిగింది. వెనక గది మాత్రం అట్లాగే ఉంది.

ఇక పైపుల సంగతి చదవక తప్పలేదు. ప్రతి రేడియేటరుకీ రెండు వాల్వులుంటాయి. ఒకటి మనం తిప్పేది, గది వెచ్చబడగానే తనంతట తాను మూసుకుంటుంది. రెండోది ఇంకో చివర ప్లాస్టిక్ టోపీ కింద దాక్కునే లాక్‌షీల్డ్ వాల్వు. దాన్ని ప్లంబరు ఒక్కసారి స్పానర్‌తో అమర్చి వదిలేస్తాడు. నీళ్ళు సులువైన దారే చూసుకుంటాయి కాబట్టి బాయిలర్ పక్కనున్న రేడియేటర్లే అంతా లాగేసుకుంటాయి. చివరిదాన్ని ఎంత తెరిచినా లాభం లేదు, మొదటివాటిని బిగించాలి.

ఇదంతా నాయనకి చెప్తే నవ్వాడు. "ఇంతేనా? ఇది మన కాలవ కతే కదబ్బీ. తలకాడోడు మడవ మూస్తేనే కడపటోనికి పారేది."

మాది కె.సి. కాలువ చివరాఖరు ఊళ్ళలో ఒకటి. కడప అంటే గడప అంటారు గానీ, ఆ కాలువ లెక్కలో మాత్రం మేం కడపటివాళ్ళమే.

అసలు తూము అంటే వాల్వే. చెరువు లోపల రెండు రాతి స్తంభాలు, వాటి మధ్య రంధ్రమున్న బండ, ఆ రంధ్రంలో దిగే మొద్దున్న పొడవాటి కర్ర. కర్ర లేపితే కట్ట కిందున్న కాలువలోకి నీళ్ళు. రేడియేటర్ వాల్వు విప్పి చూడండి, అదే ఏర్పాటు! బద్వేలు దగ్గర పోరుమామిళ్ళ చెరువు 1369 నాటిది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించాడు. అక్కడి సంస్కృత శాసనం ప్రకారం వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ళ పని. నన్ను ఆశ్చర్యపరిచింది ఈ లెక్కలు కాదు. చెరువుకుండే ఆరు దోషాల్ని కూడా ఆ రాతి మీదే చెక్కించారు (మన రిక్వైర్‌మెంట్స్ డాక్యుమెంట్లలో ఇంత నిజాయితీ ఎప్పుడన్నా చూశారా?). కట్ట ఊరడం ఒకటి, చవిటి నేల ఒకటి. రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం ఇంకో దోషం. నీళ్ళు తక్కువై పారాల్సిన నేల ఎక్కువ కావడం మరొకటి.

కె.సి. కాలువకి ఈ చివరి రెండూ ఉన్నాయి. 1858లో లండన్లో పుట్టిన మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ దాన్ని తవ్వించింది. ఆలోచన ఆర్థర్ కాటన్‌ది. తుంగభద్ర మీద సుంకేసుల నుంచి నెల్లూరు తీరంలో కృష్ణపట్నం దాకా పడవలు నడపాలని! కాలువ కడపకే ఆగిపోయింది, సుమారు 300 కిలోమీటర్లు. కర్నూల్లో హంద్రీని అక్విడక్టు మీదుగా దాటి, నిప్పులవాగు, గాలేరు, కుందూలను వాడుకుంటూ వస్తుంది. నల్లరేగడిలో జొన్న పండించే రైతులు తడికి డబ్బు కట్టడానికి ముందుకు రాలేదు. కరువొచ్చినప్పుడే గిరాకీ. కంపెనీ నష్టపోయి, 1882లో ప్రభుత్వమే కాలువను కొనేసింది.

తవ్వడం అయింది. పంచడమే ఇప్పటికీ కాలేదు. ఊరి చెరువుకి నీరుగంటి ఉండేవాడు. ఎవరి మడవ ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు కట్టాలో అతనే చూసేవాడు, పంట కళ్ళంలో మేర కొలిచి ఇచ్చేవాళ్ళు. మూడొందల కిలోమీటర్ల కాలువకి అట్లాంటి మనిషి ఎవరు? మా నాయన టార్చిలైటూ, కట్టే పట్టుకుని రాత్రిళ్ళు తూము దగ్గర కాపలా పడుకున్నది నాకు గుర్తే. పొద్దున్నే ఎగువ ఊరోళ్ళతో తగాదా. రెండేళ్ళు పొట్టమీద వరి ఎండిపోయింది.

ఈ మధ్య శ్రీశైలం నీళ్ళు కూడా బనకచర్ల దగ్గర్నుంచి నిప్పులవాగులోకి వదిలి కాలువకి తోడిస్తున్నారు. మంచిదే, కాదనను. కానీ చివరి ఊరికి సంబంధించినంతవరకు అది నేను బాయిలర్ పెంచడం లాంటిదేనని నా అనుమానం. ఇక సరిహద్దు సంగతంటారా, సుంకేసులకి అవతలి ఒడ్డు తెలంగాణ, పైన డ్యామ్ కర్ణాటకలో. 2024 ఆగస్టులో ఆ తుంగభద్ర డ్యామ్ 33 గేట్లలో 19వది గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు మూడు రాష్ట్రాలూ ఉలిక్కిపడ్డాయి.

సరే, ఆదివారం స్పానర్ పట్టుకుని కూర్చున్నాం ఇద్దరం. వెనక గదిది పూర్తిగా తెరిచి, హాల్లోది అర తిప్పు మాత్రమే ఉంచాం. మధ్యవాటికి పావు పావు తిప్పి, పైపులు పట్టుకు చూసి, మళ్ళీ తిప్పి, మధ్యాహ్నమైంది. సాయంత్రానికి నాయన మంకీ క్యాపు తీసేశాడు.

లాక్‌షీల్డ్ మీద టోపీ పెడుతుంటే మాత్రం చెయ్యి అడ్డం పెట్టాడు. "గట్టిగా బిగించు అబ్బీ. రాత్రిపూట ఎవుడన్నా తిప్పుతాడు."