డిష్‌వాషర్‌లో వేశాక కుక్కర్ నల్లబడిందా..? ఏ గిన్నెలు వేయొచ్చు, ఏవి వేయకూడదంటే..

డిష్‌వాషర్ కొన్న కొత్తలో వంటింటి సామానంతా అందులోకే వెళ్లిపోతుంది. కుక్కర్, దోసె పెనం, రాగి చెంబు, చపాతీ కర్ర.. ఏదీ మిగలదు. కొద్ది రోజులకే అల్యూమినియం కుక్కర్ నల్లగా మారుతుంది, ఇనుప పెనం తుప్పు పడుతుంది. మెషీన్‌లోనే లోపం ఉందని చాలామంది అనుకుంటారు. కానీ అసలు సమస్య అందులో పెట్టిన వస్తువులతోనే.

డిష్‌వాషర్ డిటర్జెంట్ చేత్తో తోమే సబ్బులాంటిది కాదు. దానికి క్షారగుణం చాలా ఎక్కువ. పైగా నీళ్లు సాధారణంగా 50 నుంచి 70 డిగ్రీల వరకు వేడెక్కుతాయి. అల్యూమినియం మీద సహజంగా ఉండే సన్నని ఆక్సైడ్ పొర ఈ రెండింటి దెబ్బకు పాడైపోతుంది. అందుకే ఆ నల్లదనం. హార్డ్ అనోడైజ్డ్ పాత్రలు కూడా ఇలాగే రంగు మారతాయి. స్టీల్ గిన్నే అయినా అడుగున రాగి గానీ అల్యూమినియం గానీ బయటకు కనిపిస్తుంటే చేత్తో తోముకోవడమే మేలు.

కుక్కర్ మూతతో మరింత జాగ్రత్త

ఇది కేవలం మెరుపు పోయే విషయం కాదు. మూతను అలాగే మెషీన్‌లో పడేస్తే వేరే గిన్నెల్లోంచి వచ్చిన మెతుకు విజిల్ గొట్టంలో ఇరుక్కోవచ్చు. ఆవిరి పోయే దారి మూసుకుపోతే కుక్కర్ ప్రమాదకరమే. గ్యాస్కెట్, విజిల్ తీసి చేత్తో కడగండి. పొయ్యి మీద పెట్టే ముందు మూతను పైకెత్తి గొట్టంలోంచి వెలుతురు కనిపిస్తోందో లేదో చూడండి.

ఇనుప పెనం, మూకుడు అసలు వేయొద్దు. వాడగా వాడగా పట్టిన నూనె పొర ఒక్క వాష్‌తో ఊడిపోతుంది. చెక్క గరిటెలు, చపాతీ పీట ఉబ్బి పగుళ్లిస్తాయి. ఇత్తడి, రాగి వస్తువుల రంగు పోతుంది. వెండి సామాను, బంగారు అంచు ఉన్న కప్పులు, పదునైన కత్తులూ బయటే ఉంచాలి. నాన్‌స్టిక్ పాత్రకు కంపెనీ డిష్‌వాషర్ సేఫ్ అని రాసి ఉంటేనే వేయండి.

స్టీల్ కంచాలు, గ్లాసులు, మామూలు పింగాణీ, గాజు గిన్నెలకు ఢోకా లేదు. స్టీల్ ఇడ్లీ ప్లేట్లు కూడా వేయొచ్చు కానీ ఒకదానిపై ఒకటి పేర్చకుండా విడదీసి నిలబెట్టాలి. నీటి ధార నేరుగా తగలని చోట ఏదీ శుభ్రపడదు.

ఎలా సర్దాలి?

కూర గిన్నెలు, కళాయిలు కింది అరలో, నోరు కిందికి ఉండేలా పెట్టాలి. గ్లాసులు, కప్పులు, చిన్న గిన్నెలు పై అరలోకి. ప్లాస్టిక్ డబ్బాలూ అక్కడే. చాలా మోడళ్లలో కింది భాగంలో వేడి ఎక్కువ కాబట్టి అక్కడ పెడితే అవి వంకర పోవచ్చు. స్పూన్లన్నీ ఒకే వైపు పెడితే ఒకదానిలో ఒకటి అతుక్కుంటాయి, కొన్నింటిని తిరగేయండి. తలుపు మూసే ముందు స్ప్రే ఆర్మ్‌ను చేత్తో ఓసారి తిప్పి చూడండి. పొడవాటి గరిటె ఒక్కటి అడ్డం పడినా అది తిరగదు, గిన్నెలన్నీ జిడ్డుగానే వస్తాయి.

వేసే ముందు గిన్నెల్ని కడగక్కర్లేదు. ఎముకలు, కరివేపాకు, మెతుకులు దులిపేస్తే చాలు. ఎండిపోయిన అన్నం ఉంటే మాత్రం కాసేపు నానబెట్టండి. దులపకుండా వేస్తే ఆ చెత్తంతా ఫిల్టర్‌లో చేరి వాసన వస్తుంది. ఫిల్టర్‌ను వారానికోసారైనా తీసి కడగాలి.

బోరు నీళ్లు వాడే ఇళ్లలో గ్లాసులపై తెల్లని మరకలు కనిపిస్తే డిటర్జెంట్ పెంచేస్తుంటారు. అది నీటి కాఠిన్యం వల్ల వచ్చేది, డిష్‌వాషర్ సాల్ట్ అయిపోయిందేమో ముందు చూడాలి. దాని బదులు వంట ఉప్పు వేయకూడదు. అందులో కలిపే ఇతర పదార్థాలు నీటిని మెత్తబరిచే భాగాన్ని పాడుచేయొచ్చు. గిన్నెలు తోమే లిక్విడ్ కూడా వద్దు, నురగ పొంగి వంటగదిలోకి వచ్చేస్తుంది. ఇక డిటర్జెంట్ ట్యాబ్లెట్లు చూడ్డానికి చాక్లెట్లలా ఉంటాయి. నోట్లో పెట్టుకుంటే పొక్కిపోతుంది. పిల్లలున్న ఇంట్లో సింక్ కింద కాకుండా పై అల్మరాలో పెట్టండి.