తుపాకి మడమకు తోలుమెత్త



నేడు నేను చెప్పబూనినది మిక్కిలి చిన్న వస్తువు: తుపాకి మడమకు తొడిగెడు తోలుమెత్త. ఇంత చిన్నదానికి చరిత్ర యేమని మీరడుగవచ్చును. కలదు.

1960వ దశకమున, నేను బాలుడనై యుండగా, మా వేములపల్లి ప్రాంతమున ఒక గడీలో జోడుగొట్టముల తుపాకిని చూచితిని. అందఱును గొట్టముల నునుపును మెచ్చుకొనుచుండిరి. నా ప్రక్కనున్న వృద్ధ చర్మకారుడు మాత్రము మడమను చూపి, "గీ తోలు నేనే తొడిగిన అయ్యా" యని మెల్లగా ననెను. కూలి యేమిచ్చిరని యడిగితిని. "వెట్టికి కూలేడిది అయ్యా?" యనెను. ఆ మాట నేటికిని నా చెవిలో నున్నది.

తుపాకి పేలినప్పుడు గుండ్లు ముందుకు పోవును. తుపాకి వెనుకకు తన్నును. ప్రతి చర్యకును సమమైన ప్రతిచర్య కలదని న్యూటను పండితుడు 1687లో ప్రకటించిన సూత్రమే యిది. పండ్రెండు బోరు తోటాలోని సీసపు గుండ్లు సుమారు 30 గ్రాములు. తుపాకి సుమారు 3 కిలోలు. గుండ్ల బరువు నూఱవ వంతే యైనను వాని వేగము హెచ్చు గనుక భుజము కమిలిపోవును. మెత్త ఆ తన్నును పోగొట్టదు. నీళ్ల కుండక్రింది చుట్టకుదురు బరువును తగ్గింపక తలపై పఱచునట్లు, ఇదియు దెబ్బను కొంతసేపటికిని కొంత వెడల్పునకును పంచును.

పూర్వపు సైనిక తుపాకుల మడమలకు ఇత్తడి రేకో ఇనుప రేకో యుండెడిది. 1839లో అమెరికాయందు గుడ్‌ఇయరు గంధకముతో రబ్బరును కాచి గట్టిపఱచు విధము కనుగొన్న పిమ్మట రబ్బరు మెత్తలు వచ్చినవి. కాని రబ్బరు చొక్కాను పట్టుకొని, తుపాకి భుజమున కెత్తునపుడు అడ్డుపడును. అందుచే ఆంగ్ల పనివారు దానిపై నున్నని తోలు తొడిగిరి. ఆ శతాబ్దముననే మన తంగేడు చెక్కతో పదును చేసిన తోళ్లు చెన్నపురి రేవునుండి లండను నగరమునకు ఓడలపై పోవుచుండెను.

తొడుగు విధము వినుడు. ముందుగా రెండు గొట్టములలోను తోటా లేదని చూచుకొనవలెను. మీటనుండి మడమవఱకు గల కొలత, సామాన్యముగా 14 అంగుళములకు పైబడినది, మాఱరాదు గనుక మెత్త మందమంత కఱ్ఱను వడ్రంగి కోయును. తోలు మందమునకు చోటు విడిచి రబ్బరును అరుగదీయుదురు. తోలు అంచులను రంపెతో పలుచన చేసి, తడిపి, సాగదీసి, క్రిందికి మడిచి అంటింతురు. రెండు మరమేకులు తోలులోని సన్నని చీలికలగుండా కఱ్ఱలోనికి దిగును. పిదప చీలికలు కనబడవు.

విప్పుట మఱింత ఓర్పుగల పని. వ్రేలితో నొక్కి చీలికలను కనిపెట్టి, సన్నని తిరుగుడుకు మైనము పూసి మెల్లగా దింపవలెను. తొందరపడిన తోలు చినుగును; ఉలితో పెకలించిన కఱ్ఱ అంచు లేచిపోవును. మఱియు ఒకసారి కోసిన కఱ్ఱ మరల పెరుగదు.

ఇక మన చరిత్రకు వత్తము. నిజాము రాజ్యమున చర్మకారులు చెప్పులు, మోట తోళ్లు వెట్టిగా నీయవలసి యుండెను. 1946 జూలై 4న కడవెండిలో దొరవారి మనుష్యుల కాల్పులకు దొడ్డి కొమరయ్య నేలకొఱగెను. పిదప 1951 వఱకు నల్లగొండ పల్లెలు వడిసెలలతోను నాటు తుపాకులతోను పోరాడెను. తుపాకి పట్టిన దొర భుజమునకు మెత్త యుండెను. దానిని తొడిగినవాని వీపునకు లేదు.

1972 చట్టముతో అడవి జంతువుల వేటకు అడ్డుకట్ట పడెను. 1959 చట్టము ప్రకారము అనుమతి లేక తుపాకి నుంచుకొనరాదు. గడీలు కూలినవి. తుపాకి యెవరిదో ఊరందఱకు జ్ఞాపకమే. తోలు తొడిగినవాని పేరు నేనును ఆనాడు అడుగలేదు. బడిపంతులునై యెందఱి పేర్లో హాజరుపట్టీలో వ్రాసితిని గాని, ఆ యొక్క పేరు వ్రాయలేకపోతిని.

పెద్దలారా, మీ యూరి వడ్రంగుల, కమ్మరుల, చర్మకారుల పేర్లు మీకు తెలియును. మనుమల చేత నేడే వ్రాయింపుడు. సెలవు.