శీతదేశపు ఫలము – మన పెరటి పందిరి

పోయిన సంవత్సరము మాఘమాసమున మా పూర్వవిద్యార్థి యొకడు సికింద్రాబాదులోని మా యింటికి చిన్న కుండీలో బ్లూబెర్రీ మొక్క నొకదానిని తెచ్చి యిచ్చెను. దానికి గట్టిన చీటిమీద ‘వేడి ప్రదేశములకు దగినది, త్వరగా పండు రకము’ అని వ్రాసియుండెను. ఇంటిల్లిపాదియు సంతోషించితిమి. దినదినము బోరునీరు పోసి పెంచితిమి. రెండు మాసములలో లేతయాకులు పసుపువన్నెకు దిరిగెను; ఈనెలు మాత్రము పచ్చగా నిలిచెను. వైశాఖము నాటికి మొక్క యెండిపోయెను. మా తల్లిగారు ఆ యెండిన పుల్లను చూచి, “మీ నాన్న వేసిన ద్రాక్షపందిరి ఇక్కడే ఉండేది కదరా. అదీ పరదేశపు తీగే. అది ఎలా బతికిందో ఎవరినైనా అడిగావా?” అనిరి. మాయొద్ద సమాధానము లేకపోయెను. ఆ సమాధానమును వెదకుటయే యీ వ్యాసమునకు కారణము.

మన సాహిత్యమునకు ద్రాక్ష క్రొత్తది కాదు. అమరసింహుడు తన కోశమున దీనికి మృద్వీక, గోస్తని మున్నగు పర్యాయపదములను చెప్పియున్నాడు. మన లాక్షణికులు కవిత్వపు పాకములను విభజించుచు, నోట వేసికొన్నంతనే రస మూరునట్టిదానిని ద్రాక్షాపాక మనిరి. అందని ద్రాక్షపండ్లు పుల్లన యను సామెత నెఱుగని పిల్లవాడు మన తరగతులలో లేడు. అయినను ఆ పండు తెలుగునాట సామాన్యగృహముల పెరడు చేరుట చాల ఆలస్యముగా జరిగినది. పేరు ముందు వచ్చినది. తీగ వెనుక వచ్చినది. ఈ నడుమ జరిగినదే మనము తెలిసికొనవలసిన చరిత్ర.

శీతదేశపు పండ్లచెట్లకు ఒక స్వభావము గలదు. చలి రాగానే ఆకు రాల్చి అవి నిద్రించును. ఆ నిద్ర ఇంతకాలమని వాని శరీరమునందే నిర్ణయమై యుండును. ఏడు డిగ్రీల సెంటిగ్రేడు ప్రాంతమునకు దిగువనుండు చలి ఎన్ని గంటలు దొరకినదో లెక్కించి, ఆ లెక్క నిండినప్పుడే మొగ్గలు సరిగా మేల్కొనునని ఉద్యానశాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. అమెరికా యుత్తరభాగపు బ్లూబెర్రీలకు ఇంచుమించు 800 మొదలు 1000 గంటల చలి కావలెను. సికింద్రాబాదులో పుష్యమాసపు తెల్లవారుజామున సైతము అంతటి చలి యరుదు. ద్రాక్షకు కావలసిన చలి చాల తక్కువయే గాని, దానికిని జన్మభూమి శీతకాలముగల దేశమే. శీతకాలము లేని చోట ద్రాక్షతీగ విశ్రాంతి యెఱుగక, ఏడాది పొడవునను చిగిర్చుచు ఆకుగా పెరుగును గాని, క్రమముగా కాయదు.

దక్కనులో ద్రాక్షనుగూర్చి దొరకు పాత సాక్ష్యములలో ముఖ్యమైనది దౌలతాబాదునకు సంబంధించినది. ముహమ్మద్ బిన్ తుగ్లకు 1327 ప్రాంతమున రాజధానిని ఢిల్లీనుండి అక్కడికి మార్చెను. ఉత్తరమునుండి జనముతోపాటు ద్రాక్షయు అప్పుడు దక్షిణమునకు వచ్చెనని సాధారణముగా చెప్పుదురు. 1342 ప్రాంతమున ఆ మార్గమున పోయిన మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా, ఆ నగరమున ద్రాక్షయు దానిమ్మయు ఏటికి రెండుమార్లు ఫలించునని వ్రాసినాడు. సామాన్యపాఠకునకు ఇది భూసారపు ప్రశంసవలె దోచును. మాకు మాత్రము ఇందొక రహస్యము గోచరించుచున్నది. శీతకాలము నిద్రపుచ్చక పోవుటచేతనే ఆ తీగ రెండుమార్లు మేల్కొన్నది. దానిని క్రమములో నుంచుటకు ప్రకృతి చేయని పనిని మనుష్యుడు చేయవలసి వచ్చినది.

ఆ పనియే కత్తిరింపు. శీతదేశములలో తీగ ఆకు రాల్చి నిద్రించునప్పుడు ఏటి కొకమారు కొమ్మలు కత్తిరింతురు. దక్కనులో రెండుమార్లు కత్తిరింతురు. మొదటిది ఏప్రిలు నెలలో, పండ్లు కోసిన పిమ్మట. అప్పుడు ప్రతి కొమ్మను ఒకటి రెండు కనుపుల వఱకు కుఱుచచేయుదురు. ఎండకాలపు వెలుతురులో క్రొత్తకొమ్మలు సాగి, వాని కనుపులయందు మఱుసటి కాపునకు కావలసిన పూగుత్తులు సూక్ష్మరూపమున నేర్పడును. రెండవ కత్తిరింపు వానలు వెనుకబట్టిన తరువాత, అక్టోబరులో. అప్పుడు కొమ్మపై మఱికొన్ని కనుపులు మిగిల్చి కోయగా, లోన దాగిన గుత్తులు బయటపడి, ఫాల్గుణమాస ప్రాంతమునకు పండ్లగును. కావున మన ద్రాక్ష యేటికి రెండుమార్లు కత్తిరింప బడును గాని ఒక్కమారే కాయును. హిమము చేయవలసిన పని కత్తెర చేసినది!

‘త్వరగా పండుట’ యను మాటకు ఇక్కడనే అర్థము తెలియును. అది నోటి తొందరకు సంబంధించినది కాదు, ఋతువులకు సంబంధించినది. పండుచున్న గుత్తిపై వాన పడెనా, గింజ పగులును, కుళ్లును. కావున అక్టోబరు నాటి తడి ఆఱిన పిదప ఆరంభించి, జూను తొలకరికి చాల ముందే ముగించుకొనవలెను. ఇచ్చటి తోటమాలి ఈ సందును కనిపెట్టినాడు.

మన జంటనగరములకు ద్రాక్షతో గల సంబంధము ఇంకను సన్నిహితమైనది. సికిందర్ జా పేరుమీద 1806లో సికింద్రాబాదు వెలసినది. కంటోన్మెంటు బంగళాల ఆవరణలతో ఈ యూరు పెరిగినది. హైదరాబాదునకు 1890 ప్రాంతమున అబ్దుల్ బాఖర్ ఖాన్ అనువారు ఒక ద్రాక్షరకమును తెచ్చినట్లు ఉద్యానగ్రంథములు చెప్పుచున్నవి. అదియే అనాబెషాహి, అనగా రాచద్రాక్ష. పెద్దగింజ, కోలగానుండు తెల్లని పండు, విస్తారమైన కాపు. అమరుని ‘గోస్తని’ యను పేరు ఈ పండు నాకారమునకు ఎంత చక్కగా నమరినదో చదువరులే యూహింపగలరు. ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున ఇది నగరము చుట్టునుగల పల్లెలలో పందిళ్లపై విస్తరించి, దక్షిణదేశమున పేరుగాంచినది. రాజేంద్రనగరమున ద్రాక్షకై పరిశోధనస్థానము వెలసినది. పిమ్మట నగరము పెరిగెను. నేల వెల ద్రాక్షవెలను మించెను. తోటలనేకము ఇండ్లస్థలములై పోయెను. గింజలేని రకములు బజారు నాక్రమించెను. ఇతరులను నిందింపనేల? మా తండ్రిగారి పందిరిని రెండు గదులు కట్టుటకై కొట్టించినవారము మేమే.

ఇక బ్లూబెర్రీ సంగతి. ఇది ద్రాక్షవలె పురాతనకృషి గలది కాదు, మొన్నటివఱకు అడవిపొద. అమెరికాలో ఫ్రెడరిక్ కొవిల్ అను వృక్షశాస్త్రజ్ఞుడు 1910లో తన పరిశోధనలను ప్రకటించి, ఈ పొద పులుపుగల నేలలోనే బ్రతుకునని నిరూపించెను. న్యూజెర్సీలో ఎలిజబెత్ వైట్ అను విదుషీమణి ఆ పుస్తకము చదివి, 1911లో ఆయనతో చేయికలిపెను. ఆమె ఆ ప్రాంతపు అడవిలో పండ్లేరుకొను పేదలను పిలిచి, అంగుళమున ఎనిమిదింట అయిదు పాళ్ల రంధ్రముగల కొలబద్ద నిచ్చి, అంతటి పండు కాయు పొదను చూపినవారికి ప్రతిఫల మిచ్చుచు వచ్చెను. ఏ పొదను ఎవరు చూపిరో ఆ పొదకు వారి పేరు పెట్టెను. రూబ్ లీక్ అనువాడు చూపిన పొద ‘రూబెల్’ అయినది. అది నేటికిని సాగులో నున్నది. 1916లో మొదటి సాగుపంట అమ్మకమునకు వచ్చెను.

ఆ పండు వెచ్చని ఫ్లోరిడాకు దిగుట మఱియొక కథ. 1940ల చివర రాల్ఫ్ షార్ప్ అను శాస్త్రజ్ఞుడు, ఫ్లోరిడా యడవులలో నెవరును లెక్కచేయని, సంవత్సరమంతయు ఆకుతో నుండు చిన్నపొదతో ఉత్తరపు పొదను సంకరము చేయ నారంభించెను. ఉత్తరపుదానికి పండు పెద్దది. దక్షిణపుదానికి వేడి కోర్చు గుణ మున్నది. మూడు దశాబ్దములు గడవకముందే, 1970ల నడుమ, ‘షార్ప్‌బ్లూ’ వంటి స్వల్పచలి రకములు వెలువడెను. ఇవి ఉత్తరపు తోటలకంటె ముందుగా, వసంతముననే, పండును. మా యింటికి వచ్చిన చీటిపై ‘త్వరగా పండు రకము’ అను రెండు మూడు మాటల వెనుక ఇంతటి శ్రమ గలదు. మేము చీటిని చదివితిమి; శ్రమను చదువలేదు. షార్ప్ చలిసమస్యను తీర్చెను గాని, కొవిల్ చెప్పిన నేలసమస్య అట్లే యున్నది. మా బోరునీటిలో సున్నము మెండు. ఆ నీటితో కుండీమట్టి పులుపు చచ్చి, వేరు ఇనుమును గ్రహింపలేక, లేతయాకు పసుపెక్కినది. దానికి పట్టి యుంచిన వాననీరు పోసి, పులుపుగల మట్టి కుండీలో నిలిపి, మధ్యాహ్నపుటెండ సోకకుండ నీడపట్టున నుంచియుండవలసినది.

ఈ రెండు చరిత్రలను ప్రక్కప్రక్కన నుంచి చూచునప్పుడు మాకొక విచారము గలుగుచున్నది. న్యూజెర్సీ యడవిలో పొద చూపిన పేదవాని పేరు పండుతోపాటు నిలిచినది. దక్కనులో మొదటిమారు తీగకు రెండు కత్తిరింపులు కనిపెట్టిన తోటమాలి పేరేమి? తెచ్చినవారి పేరు గ్రంథముల కెక్కినది. బ్రతికించినవాని పేరు గాలికి పోయినది. చేతిపని చేయువానికి విద్య లేదని తలచు మన పాతబుద్ధియే దీనికి మూలము. హిమము లేనిచోట కత్తెరతో హిమమును కల్పించినవానికి విద్య లేదనుట యెట్లు? ఆ విద్యను వ్రాసియుంచకపోవుట చదువుకొన్న మా బోటివారి లోపము గాని వానిది కాదు. తోటలతోపాటు ఆ జ్ఞానమును పోవుచున్నది.

మా తండ్రిగారి పందిరికి కత్తెరవేసిన వృద్ధుడు నేటికిని మా వీధిచివర నున్నాడు. మొన్న విజయదశమికి ఆయనను ఇంటికి పిలిచి కూర్చుండబెట్టి, ఏ నెలలో ఎన్ని కనుపులు విడువవలెనో, ఏ మబ్బుకు కత్తెర యాపవలెనో చెప్పుమని కోరితిమి. ఆయన చెప్పినదంతయు మా అమ్మాయి తన నోటుపుస్తకమున వ్రాసికొన్నది. మొదటిపుటలో ఆయన పేరు వ్రాయగా చూచి, ఆయన చాలసేపు మాటాడలేదు. పిదప లేచి, గదుల ప్రక్కన మిగిలిన జానెడు నేలలో, తాను తెచ్చిన ద్రాక్షకొమ్మను నాటిపోయెను. ఆ కొమ్మ ఇప్పుడు రెండాకులు వేసినది.