రిజిస్ట్రారు పెళ్లి: పత్రం ఒక్కటే చాలదు.. చట్టం సరిపోవాలి

సబ్‌ రిజిస్ట్రార్‌ కార్యాలయానికి నలుగురు స్నేహితులతో వెళ్లి సంతకాలు చేస్తే అదేరోజు పెళ్లయిపోతుందన్న నమ్మకం సినిమాల పుణ్యమా అని జనంలో బలంగా నాటుకుపోయింది. వాస్తవానికి ఆ కార్యాలయంలో వివాహానికి సంబంధించి రెండు వేర్వేరు పనులు జరుగుతాయి. అప్పటికే సంప్రదాయబద్ధంగా జరిగిన పెళ్లిని పుస్తకంలో నమోదు చేయడం ఒకటి. పెళ్లినే అక్కడ జరిపించడం మరొకటి. మొదటిది హిందూ వివాహ చట్టం-1955 కిందకు, రెండోది ప్రత్యేక వివాహ చట్టం-1954 కిందకు వస్తాయి. ఈ తేడా తెలియక ఒకదాని కింద చేయవలసినది మరొకదాని కింద చేయించుకున్నవారు, ఏళ్లు గడిచాక న్యాయస్థానంలో తాము చట్టం దృష్టిలో దంపతులమే కామని తెలుసుకోవలసి వస్తోంది.

ఇందుకు ఆంధ్రప్రదేశ్‌ నుంచి సుప్రీంకోర్టు వరకు వెళ్లిన ఒక కేసే నిదర్శనం. 1996లో క్రైస్తవ యువకుడు, హిందూ యువతి గుడిలో తాళి కట్టించుకుని, కొద్దిరోజులకే హిందూ వివాహ చట్టం కింద నమోదు చేయించుకున్నారు. ధ్రువపత్రం చేతికి వచ్చింది. తర్వాత వివాదం తలెత్తి యువతి కోర్టుకెక్కారు. వధూవరులిద్దరూ హిందువులైతేనే ఆ చట్టం వర్తిస్తుందని, ఆ పెళ్లి చెల్లదని రాష్ట్ర హైకోర్టు తేల్చగా, 2008 డిసెంబరులో సుప్రీంకోర్టు దానినే ఖరారు చేసింది. కార్యాలయం ముద్ర, అధికారి సంతకం ఉన్న పత్రం సైతం ఆ పెళ్లిని నిలబెట్టలేకపోయింది. రికార్డులలో ఒక మతం, ఆచరణలో మరొక మతం ఉన్న కుటుంబాలు మన పల్లెల్లో తక్కువేమీ కాదు. అటువంటి జంటలు పత్రం కోసం తొందరపడేముందు ఈ తీర్పును గుర్తుంచుకోవడం మేలు.

నమోదు అంటే..

హిందూ వివాహ చట్టం హిందువులతో పాటు బౌద్ధులకు, జైనులకు, సిక్కులకు వర్తిస్తుంది. వరునికి 21, వధువుకు 18 ఏళ్లు నిండాలి. వధువు వయసును 21కి పెంచుతూ 2021లో పార్లమెంటులో ప్రవేశపెట్టిన బిల్లు 2024లో లోక్‌సభ రద్దుతో మురిగిపోయింది. కనుక పాత వయసే అమలులో ఉంది. ఇద్దరిలో ఎవరికీ జీవించి ఉన్న భార్య లేదా భర్త ఉండరాదు.

పెళ్లి జరిగిన ప్రాంతం లేదా వధూవరులలో ఒకరు నివసిస్తున్న ప్రాంతం ఏ సబ్‌ రిజిస్ట్రార్‌ పరిధిలోకి వస్తే అక్కడ దరఖాస్తు చేసుకోవాలి. వయసుకు పదో తరగతి ధ్రువపత్రం, చిరునామాకు ఆధార్‌ వంటి గుర్తింపు, శుభలేఖ, పెళ్లి ఫొటోలు వెంట ఉంచుకోవాలి. గుర్తింపు పత్రాలున్న ముగ్గురు సాక్షులతో దంపతులిద్దరూ స్వయంగా హాజరు కావాలి. వివరాలు ఆన్‌లైన్‌లో నింపినంత మాత్రాన ఈ హాజరు తప్పదు. పత్రాలు సక్రమంగా ఉంటే పని త్వరగానే ముగుస్తుంది. కార్యాలయం ఎదుట షెడ్లలో కూర్చునే దస్తావేజు లేఖరుల ద్వారానే వెళ్లాలన్న నియమం ఏదీ లేదు.

ఈ చట్టం కింద అధికారి పెళ్లి చేయడు, జరిగిన పెళ్లిని రాసుకుంటాడు. ఇక్కడే విదేశీ సంబంధాలవారు పొరపడుతున్నారు. వరుడు సెలవు మీద వచ్చి నిశ్చితార్థం కాగానే వీసా కోసమని ముందుగా నమోదు చేయించి, అసలు పెళ్లిని ఆరు నెలల తర్వాతి ముహూర్తానికి పెట్టుకోవడం మామూలైపోయింది. 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఈ పద్ధతిని తీవ్రంగా తప్పుబట్టింది. పైలట్లయిన ఇద్దరు యువతీయువకుల కేసులో, వివాహ క్రతువు జరగకుండా తీసుకున్న పత్రంతో భార్యాభర్తల హోదా రాదని, నమోదు అనేది జరిగిన పెళ్లికి రుజువు మాత్రమేనని స్పష్టం చేసింది. ఆ జంట పొందిన ధ్రువపత్రాలు చెల్లవని ప్రకటించింది. మధ్యలో సంబంధం చెడితే ఆడపిల్ల పరిస్థితి ఏమిటన్నది నిశ్చితార్థపు సందడిలో ఎవరికీ తోచదు.

క్రతువు అంటే ఫలానా తంతే కావాలని చట్టం పట్టుబట్టదు. వధూవరులలో ఎవరో ఒకరి కుటుంబ ఆచారం ప్రకారం జరిగితే సరిపోతుంది. ఆ ఆచారంలో సప్తపది ఉన్నట్లయితే మాత్రం ఏడో అడుగుతోనే వివాహం పూర్తయినట్లు లెక్క.

కార్యాలయంలోనే పెళ్లి..

మతాలు వేరైనవారికి, క్రతువు వద్దనుకునేవారికి ఉన్న మార్గం ప్రత్యేక వివాహ చట్టం. ఇది అదేరోజు తేలే వ్యవహారం కాదు. ఇద్దరిలో ఒకరైనా ఆ వివాహ అధికారి పరిధిలో కనీసం 30 రోజులుగా నివసిస్తూ ఉండాలి. నిర్ణీత నమూనాలో ఇద్దరూ నోటీసు ఇవ్వాలి. దానిని నోటీసు పుస్తకంలో చేర్చి, కార్యాలయంలో అందరికీ కనిపించేచోట అంటిస్తారు. ఆ పుస్తకాన్ని ఎవరైనా రుసుము లేకుండా చూడవచ్చు. ప్రకటించిన తేదీ నుంచి 30 రోజుల వరకు ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు.

పట్నంలో ఉద్యోగం చేసుకుంటూ అక్కడే నోటీసు ఇస్తే ఊరికి తెలియదనుకోవడం పొరపాటు. స్థిర నివాసం వేరొకచోట ఉంటే నోటీసు నకలు ఆ ప్రాంత అధికారికి వెళుతుంది. అక్కడి గోడపైనా అంటిస్తారు. కులాంతర, మతాంతర జంటలు భయపడేది దీనికే. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో జరిగిన పరువు హత్య తర్వాత ఆ భయాన్ని అతిశయోక్తి అనడానికి ఎవరికీ నోరు రాదు. అయితే నోటీసును తల్లిదండ్రుల ఇంటికి పంపాలని చట్టంలో ఎక్కడా లేదు. ఢిల్లీ అధికారులు అలా పంపుతుండగా, అది చట్టంలో లేని పని అని అక్కడి హైకోర్టు 2009లోనే చెప్పింది. జంట కోరితే తప్ప నోటీసు అంటించనక్కరలేదని అలహాబాద్‌ హైకోర్టు 2021లో తీర్పునిచ్చింది కానీ, అది ఉత్తరప్రదేశ్‌కు సంబంధించినది. ఇక్కడి కార్యాలయాలు దానికి కట్టుబడవు.

అభ్యంతరం అంటే నచ్చకపోవడం కాదు. జీవించి ఉన్న భార్య లేదా భర్త ఉండటం, వయసు చాలకపోవడం, సమ్మతి తెలపలేని మానసిక స్థితి, నిషిద్ధ బంధుత్వం.. ఇవే కారణాలు. కులం, మతం, ఆస్తి, పెద్దల అంగీకారం లేకపోవడం ఈ జాబితాలో లేవు. అధికారి 30 రోజుల్లోగా విచారించి తేల్చాలి. అభ్యంతరాన్ని సమర్థిస్తే జంట 30 రోజుల్లోగా జిల్లా కోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు. దురుద్దేశంతో అభ్యంతరం పెట్టినవారిపై వెయ్యి రూపాయల వరకు ఖర్చులు విధించే అధికారం కూడా ఉంది. 1954 నాటి వెయ్యి నేటికీ వెయ్యిగానే మిగలడం వల్ల దానికి జంకేవారు అరుదు. ప్రాణభయం ఉన్న జంటలు నోటీసు ఇచ్చేముందే పోలీసు రక్షణ కోరవచ్చు. పెద్దల ఇష్టానికి వ్యతిరేకంగా పెళ్లాడిన మేజర్లకు రక్షణ కల్పించాలని 2006లోను, ఇందుకు జిల్లాకో ప్రత్యేక విభాగం ఉండాలని 2018 మార్చిలోను సుప్రీంకోర్టు ఆదేశించింది.

గడువు ముగిశాక ముగ్గురు సాక్షుల ఎదుట వధూవరులు ప్రమాణ పత్రంపై సంతకాలు చేస్తారు. తర్వాత ఒకరినొకరు పేరుతో సంబోధించి చట్టబద్ధమైన భార్యగా, భర్తగా స్వీకరిస్తున్నట్లు తమకు అర్థమయ్యే ఏ భాషలోనైనా పలకాలి. తెలుగులో పలికితే సరిపోతుంది. ఈ మాటలు పలకనిదే పెళ్లి పూర్తికాదు. దండలు, మిఠాయిలు ఎవరి ముచ్చట వారిది. నోటీసు ఇచ్చిన తేదీ నుంచి మూడు నెలల్లోగా ఈ తంతు ముగించకపోతే మళ్లీ మొదటినుంచి రావలసిందే. అమెరికాలో కౌంటీ క్లర్కు ఇచ్చే పెళ్లి లైసెన్సుకు మనవద్ద దగ్గరగా ఉన్నది ఈ నోటీసే. టెక్సాస్‌లో లైసెన్సు చేతికొచ్చాక సాధారణంగా 72 గంటలు ఆగి, 90 రోజుల్లోగా పెళ్లి చేసుకోవాలి. అక్కడ గోడపై అంటించడం, నెలరోజులు ఎదురుచూడటం లేవు.

ఇప్పటికే గుడిలోనో, చర్చిలోనో పెళ్లి చేసుకున్న జంటలు కూడా 15వ సెక్షను ప్రకారం ప్రత్యేక వివాహ చట్టం కింద నమోదు కోరవచ్చు. దీనికీ 30 రోజుల నోటీసు ఉంది. నమోదు నాటికి ఇద్దరికీ, అంటే వధువుకు సైతం, 21 ఏళ్లు నిండి ఉండాలి.

మేనరికాలతో జాగ్రత్త

మేనమామ కూతురిని, మేనత్త కొడుకును, అక్క కూతురిని చేసుకోవడం తెలుగునాట అనాదిగా ఉన్నదే. హిందూ వివాహ చట్టం ఆచారం ఉన్నచోట వీటిని అనుమతిస్తుంది. ప్రత్యేక వివాహ చట్టం మాత్రం ఈ ముగ్గురినీ నిషిద్ధ బంధువుల పట్టికలో చేర్చింది. ఆచారానికి మినహాయింపు ఉన్నప్పటికీ, ఆ ఆచారాన్ని రాష్ట్ర ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించి ఉండాలి. ఖర్చు కలిసివస్తుందని మేనరికపు పెళ్లిని నేరుగా రిజిస్ట్రారు వద్ద పెట్టుకునేవారికి ఇది చివరి నిమిషంలో ఎదురయ్యే చిక్కు. వారు ఇంటివద్ద ఆచారం ప్రకారం పెళ్లి ముగించుకుని హిందూ వివాహ చట్టం కింద నమోదు చేయించుకోవడమే సుళువు.

నమోదు చేయించకపోతే పెళ్లి చెల్లదన్న ప్రచారం కూడా సరికాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ 2002లోనే అన్ని మతాల వివాహాలకు నమోదు తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. 2006 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దేశమంతటికీ అదే ఆదేశమిచ్చింది. అయినా నమోదు లేదన్న కారణంతో హిందూ వివాహం రద్దు కాదని 1955 చట్టమే చెబుతోంది. కాకపోతే భరణం, పింఛను, ఆస్తి వాటా కోసం వెళ్లినప్పుడు పెళ్లి జరిగిందని రుజువు చేసుకునే భారం ఎక్కువగా భార్యపైనే పడుతుంది. పురోహితుడు గతించి, ఫొటోలు చెదలు పట్టాక ఆ రుజువు ఎంత కష్టమో వితంతు మహిళలను అడిగితే తెలుస్తుంది.

గతంలో విడాకులు పొందినవారు కోర్టు డిక్రీ నకలును, భార్య లేదా భర్త మరణించినవారు మరణ ధ్రువపత్రాన్ని జతచేయాలి. పేర్లు పదో తరగతి పత్రంలో, ఆధార్‌లో, పాస్‌పోర్టులో ఒకేలా ఉన్నాయో లేదో దరఖాస్తుకు ముందే సరిచూసుకోవాలి. ఒకదానిలో ఇంటిపేరు పొట్టి అక్షరంగా, మరొకదానిలో పూర్తిగా ఉంటే విదేశాలకు వెళ్లేటప్పుడు ఆ పత్రం పట్టుకుని మళ్లీ ఇదే కార్యాలయం మెట్లెక్కవలసి వస్తుంది.